పొగ పెట్టినవాడికే పొగడ్తలు

ముందే చెప్పేస్తున్నా, నేను బార్బెక్యూకి వ్యతిరేకిని కాను. మా పెరట్లో 22 అంగుళాల వెబర్ కెటిల్ ఒకటుంది. గ్యారేజీలో నాలుగు బస్తాల బొగ్గుంది. ఫ్రిజ్‌లో ఈ క్షణాన ఉప్పూ మిరియాలూ పట్టించిన మేక జబ్బ ఒకటి రేపటి కోసం ఎదురుచూస్తోంది. కాబట్టి ఇది బయటివాడి ఏడుపు కాదు. లోపలివాడి ఒప్పుకోలు అనుకోండి.

2022లో ఉద్యోగం కోసం డాలస్ వచ్చేదాకా నాకు బార్బెక్యూ అంటే గ్యాస్ గ్రిల్లు మీద తందూరీ మసాలా పూసిన చికెన్ ముక్కలు తిప్పడమే. అదీ పార్కులో, ఎవరిదో పుట్టినరోజుకి. అపార్ట్‌మెంట్లో ఉన్నన్నాళ్ళూ బాల్కనీలో బొగ్గు వెలిగించడానికి లీజు ఒప్పుకోలేదు. తర్వాత పెరడున్న ఇంటికి మారాం. పక్కవీధిలో ఒక రిటైరైన పెద్దాయన గ్యారేజ్ సేల్ పెడితే నలభై డాలర్లకి కెటిల్ దొరికింది. ఆయన దాన్ని నాకమ్ముతూ, కూతురికి పెళ్ళి చేసి పంపిస్తున్నట్టు మొహం పెట్టాడు. అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమవుతోంది.

మొదటి ప్రయోగం ఘోరం. బొగ్గు మీద లైటర్ ద్రవం అర సీసా గుమ్మరించి, అది పూర్తిగా కాలకముందే కోడిని పెట్టేశా. పైగా ఎవరో చెప్పారని చెక్క ముక్కలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టా. తెల్లటి చిక్కటి పొగ, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. మా ఆవిడది వరంగల్. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "పెట్రోల్ బంకుల కూసోని తిన్నట్టుంది" అంది. ఆ తర్వాత ఆ కోడి సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మనం ఊరుకుంటామా! ఇంజనీరింగ్ చదివినవాడికి ఒక విషయం చేతకాకపోతే రెండు వారాలు నిద్ర పట్టదు. చదివాను, చూశాను, కాల్చాను. కెటిల్ అంచు వెంబడి బొగ్గు బిళ్ళల్ని రెండేసి వరసల్లో, రెండేసి ఎత్తున, ముప్పావు చుట్టు పాములాగా పేర్చాలి. వాటి మీద అక్కడక్కడా ఎండిన ఓక్ ముక్కలు. ఒక కొసన పదీ పన్నెండు నిప్పు బిళ్ళలు పెడితే, దీపావళికి కాల్చే పాము బిళ్ళకి పెద్దన్నయ్యలాగా ఆ నిప్పు నెమ్మదిగా పాకుతూ ఎనిమిది గంటలు కాలుతుంది. మధ్యలో నీళ్ళ పళ్ళెం, దాని పైన మాంసం. కింది గాలి రంధ్రం కొంచెం, పై రంధ్రం పూర్తిగా తెరవాలి. మూత తీయకూడదు. అంతే. 225 నుంచి 275 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య అదే నడుస్తుంది. మూడు పైసల ఖర్చు లేకుండా ఇంత అందమైన కంట్రోల్ సిస్టం నేను ఇంకెక్కడా చూళ్ళేదు. తెల్లటి పొగ పోయి, పల్చగా నీలంగా కనీకనపడని పొగ వస్తోందంటే మంట బాగా కాలుతోందని గుర్తు. అప్పుడే మాంసం పెట్టాలి.

ఇక స్టాల్ గురించి చెప్పకపోతే ఇంత చదివినందుకు మీకు న్యాయం చేసినట్టు కాదు. పెద్ద ముక్క ఏదైనా సరే, లోపలి వేడి ముచ్చటగా పెరుగుతూ పెరుగుతూ 150, 160 దగ్గర ఆగిపోతుంది. గంట, రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. థర్మామీటర్ పాడైపోయిందనుకుంటాం. మొదటిసారి నేను కంగారుపడి మంట పెంచేశాను, చెప్పులు కుట్టుకునే తోలు తయారైంది. చాలాకాలం జనం రకరకాల కారణాలు చెప్పుకున్నారట, కొవ్వు కరుగుతోందనీ, కొలాజెన్ విరుగుతోందనీ. చివరికి గ్రెగ్ బ్లాండర్ అనే భౌతికశాస్త్రవేత్త కొలిచి చూసి తేల్చింది ఏంటంటే, అది ఉత్త చెమట. మాంసం లోపలి తడి పైకొచ్చి ఆవిరవుతూ ముక్కని చల్లబరుస్తోంది. కింద నిప్పు ఎంత ఇస్తోందో పైన ఆవిరి అంతా తీసుకుపోతోంది. ఇది చదవగానే నాకు నవ్వొచ్చింది. ఎండాకాలం మట్టి కూజాలో నీళ్ళు చల్లబడేదీ అందుకే కదా! మన ఇంట్లో ప్రతి వేసవికీ చూసిన సంగతే. కాగితంలోనో ఫాయిల్లోనో చుట్టేస్తే ఆవిరి ఆగుతుంది, వేడి మళ్ళీ ఎక్కుతుంది. 200 దగ్గరికొచ్చేసరికి కండల మధ్య గట్టిగా ఉండే కొలాజెన్ జిగురుగా మారిపోయి, ఎముక పట్టుకుని లాగితే ఊడొస్తుంది. మన పాయాలో వేళ్ళకి అంటుకునే జిగురూ అదే.

మేక మాంసంలో కొవ్వు తక్కువ, అందుకని మొదటి మూడున్నర నాలుగు గంటలూ పొగ పట్టించాక ఉల్లిపాయలు పరిచిన పళ్ళెంలో పెట్టి గట్టిగా మూసెయ్యాలి. లేకపోతే ఎండు తునకలే. టెక్సాస్‌లో ఉండి బ్రిస్కెట్ చెయ్యవా అని అడుగుతారు. మా ఇంట్లో బీఫ్ అలవాటు లేదు, అంతే. తినేవాళ్ళతో నాకే పేచీ లేదు, వాళ్ళు చేసినప్పుడు పక్కన నిలబడి నేర్చుకుంటాను కూడా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ పనిలో నిజంగా సంతోషం ఉంది. వారమంతా మన పని ఎవరో రాసిన కోడ్‌లో ఎవరో పెట్టిన తప్పు వెతకడం, దాన్ని సరిచేశామని ఇంకెవరికో స్లైడ్ చూపించడం. చేతికి అంటేది ఏమీ ఉండదు. శనాదివారాల్లో నిప్పు ముందు కూర్చుంటే పొద్దున పెట్టింది మధ్యాహ్నానికి అవుతుంది, అయిందని అందరికీ తెలుస్తుంది. అందుకే ఈ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో ఇంత మందికి ఇది అంటుకుంది. కొందరు గ్యాడ్జెట్ల దారి పట్టారు. వైఫై ఉన్న పెల్లెట్ గ్రిల్లూ, నాలుగు ప్రోబులూ, ఫోన్లో గ్రాఫులూ, వేడి పది డిగ్రీలు తగ్గితే అలర్టూ. ఆఫీసులో పేజర్ చాలదన్నట్టు మేక కాలుకి కూడా ఆన్‌కాల్! వాళ్ళ డబ్బు, వాళ్ళిష్టం. దాని మీద నాకేం కోపం లేదు. (ఒక్కమాట మాత్రం. వర్షం వస్తోందని బొగ్గు కెటిల్‌ని గ్యారేజీలోకి లాక్కెళ్ళకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఈ విషయంలో హాస్యం లేదు.)

అసలు సంగతికొస్తాను.

మెమోరియల్ డే వారాంతం, ఆదివారం. మనవాళ్ళకి మాంసం వండాలంటే రోజు కుదర్చడమే ఒక ప్రాజెక్టు. శనివారం వెంకన్న, సోమవారం శివుడు, ఆ మధ్యలో ఇరుక్కున్న ఆదివారమే గతి. పద్నాలుగు మంది పెద్దవాళ్ళు, ఐదుగురు పిల్లలు. నేను తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పాము పేర్చి, ఐదుంబావుకి రెండు మేక జబ్బలు పెట్టాను. కుర్చీ వేసుకున్నా. కాఫీ, ఆ తర్వాత ఇంకో కాఫీ. పక్షులు, నీలం పొగ. తొమ్మిదింటికి మూత తీసి పళ్ళెంలో పెట్టి చుట్టేశా. పన్నెండింటికి 200. గంట సేపు విశ్రాంతి, నాకు కాదు మాంసానికి. ఒంటిగంటకి బల్ల మీద పెట్టి రెండు ఫోర్కులతో పీకుతుంటే జనం చుట్టూ మూగారు. వీడియోలు. "బావా కేక", "అన్నా, టెక్సాస్ వాళ్ళు కూడా పనికిరారు", "పిట్‌మాస్టర్ గారూ ఒక సెల్ఫీ". వాట్సాప్ గ్రూపులో సాయంత్రానికి నా ఫోటోలు ఇరవై. ఒకతను మా ఆవిడతో, "నువ్వు అదృష్టవంతురాలివి చెల్లెమ్మా, ఇలా వండి పెట్టే మొగుడు దొరకాలి" అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నేను అప్పుడు సరిగ్గా చూళ్ళేదు.

అదే బల్ల మీద ఇంకా ఏమేం ఉన్నాయో చెప్తాను. బగారన్నం. గుత్తి వంకాయ. పప్పుచారు. పెరుగు పచ్చడి. శాకాహారులు ముగ్గురున్నారని పనీర్ కూర. పిల్లలకి కారం లేని పాస్తా. సేమియా పాయసం. ఇవన్నీ పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పన్నెండున్నరకి ముగించింది మా ఆవిడ. మధ్యలో తన ఆఫీసు నుంచి పేజ్ వస్తే అరగంట లాప్‌టాప్ పొయ్యి పక్కన పెట్టుకుని ఒక చేత్తో రోల్‌బ్యాక్ చేసింది. నిజం చెప్తున్నా, ఒక చేతిలో గరిటె. ముందురోజు రాత్రి ఇల్లు తుడిచింది కూడా తనే, ఎందుకంటే నేను ఆ టైములో బొగ్గు ఏది మంచిదో వీడియో చూస్తున్నాను.

ఆ వంకాయ గురించి మాట్లాడింది ఒకే ఒక్కరు. ఒక ఫ్రెండు వాళ్ళమ్మగారు, గుంటూరు నుంచి వచ్చారు, ఆదివారం కూడా నీచు ముట్టని మనిషి. "అమ్మాయ్, వంకాయ నువ్వే చేశావా తల్లీ, నూనె తేలకుండా భలే మగ్గింది" అన్నారు. నిజానికి ఆవిడ తినగలిగింది అదే కాబట్టి చూశారు. మిగతావాళ్ళం చూళ్ళేదు. మిగతావాళ్ళం అంటే నేను కూడా.

రాత్రి అందరూ వెళ్ళాక అంట్లు సర్దుతుంటే తను మామూలుగానే, కోపం లేకుండా, ఈ మాటంది. "నువ్వు పొద్దటి నుంచి ఆరు గంటలు కుర్చీల కూసున్నవ్. దాన్నే వంట అంటున్నరు. మంచిగుంది."

నాకు రోషం వచ్చింది. నాలుగున్నరకి లేచిన నాకు ఈ మాటేంటి! సరే చూద్దామని మరుసటి రోజు సెలవే కదా అని కూర్చుని లెక్క వేశాను. వెయ్యకుండా ఉండాల్సింది. లినక్స్‌లో టైమ్ అని కమాండ్ కొడితే రియల్, యూజర్, సిస్ అని మూడు లెక్కలు చూపిస్తుంది, మీ అందరికీ తెలిసిందే. నా రియల్ టైము నాలుగున్నర నుంచి ఒంటిగంట దాకా, ఎనిమిదిన్నర గంటలు. యూజర్ టైము, అంటే నా చేతులు నిజంగా కదిలింది, బొగ్గు పేర్చడం, నిప్పు చెయ్యడం, పెట్టడం, చుట్టడం, పీకడం అన్నీ కలిపితే యాభై ఐదు నిమిషాలు. మిగతాదంతా ఐడిల్. తనది రియల్ టైము ఐదున్నర గంటలు. యూజర్ టైము అంతకంటే ఎక్కువే. నాలుగు కోర్లున్న మెషీన్లో సమాంతరంగా పనులు నడిస్తే యూజర్ టైము రియల్ టైముని దాటిపోతుంది కదా, అలాగన్నమాట. నాలుగు పొయ్యిలు, నాలుగు గిన్నెలు, ఒక్క మనిషి.

పొగడ్తలు మాత్రం ఐడిల్ ప్రాసెస్‌కి పడ్డాయి.

ఇది నా ఒక్కడి ఇంటి సంగతి అయితే రాసేవాణ్ణి కాదు. ఆ తర్వాత ఈ కళ్ళతో చూడటం మొదలుపెట్టాక ప్రతి ఇంట్లో ఇదే కనపడుతోంది. మగవాళ్ళం పెరట్లో గ్రిల్లు చుట్టూ ఆరుగురం నిలబడతాం. చేసేవాడు ఒక్కడు, మిగతా ఐదుగురూ సలహాదారులు. ఆడవాళ్ళు లోపల ఉల్లిపాయలు తరుగుతుంటారు. వాళ్ళలో నలుగురు మనలాగే ఉద్యోగాలు చేసేవాళ్ళు, సోమవారం పొద్దున్న స్టాండప్ మీటింగ్ వాళ్ళకీ ఉంది. అయినా గుర్తుండేది గ్రిల్లే. ఎందుకంటే అది బయట జరుగుతుంది, పొగ వస్తుంది, నెలకోసారి జరుగుతుంది. దానికి అంకెలున్నాయి. 225, 160, 200. అంకెలుంటే మనకి అది టెక్నాలజీ. అమ్మ పప్పు దించే సమయం ఎలా కనుక్కుంటుందో ఎవరైనా ప్రోబు పెట్టి చూశారా? వాసన మారిందని దించేస్తుంది. దాన్ని మనం అనుభవం అని ఒక మాట అనేసి ఊరుకుంటాం. అదే పని మనం థర్మామీటర్‌తో చేస్తే సైన్స్!

అసలు మన భాషలోనే ఉంది ఈ తిరకాసు. వంట బాగుంటే నలభీమపాకం అంటాం. ఒకాయన బాహుకుడి వేషంలో వండిన నిషధ రాజు, ఇంకొకాయన విరాటుడి కొలువులో వలలుడిగా దాక్కున్న భీముడు. ఇద్దరూ కష్టకాలంలో కొన్నాళ్ళు గరిటె పట్టుకున్న రాజులు. ఎన్ని వేల ఏళ్ళుగా రోజూ మూడు పూటలా వండిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరు మీదైనా పాకం ఉందా? నాకైతే తట్టలేదు. మన పాత వీకెండ్ పిట్‌మాస్టర్లు అన్నమాట వాళ్ళిద్దరూ :) భీమాభిమానులు క్షమించాలి.

పైగా ఈ నెమ్మదిగా వండే విద్య మనం అమెరికా వచ్చి నేర్చుకున్నట్టు మాట్లాడతాం. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు తెనాలి దగ్గర. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే వంటింటి వెనక దాలి ఉండేది. తెలియనివాళ్ళకి చెప్తాను, దాలి అంటే పిడకలు మంట లేకుండా కనకనలాడే గుంట. పొద్దున్నే పాలకుండ అందులో పెడితే సాయంత్రం దాకా అలా కాగుతూనే ఉండేది. మంట ఉండదు, పొంగదు, మాడదు. సాయంత్రానికి పాలు లేత ఎరుపు రంగు తిరిగి, మీద అట్టులాంటి మీగడ కట్టి, పొగ వాసన పట్టి ఉండేవి. ఆ మీగడ కోసం మేం మనవలం కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడాలోచిస్తే అది అచ్చం నా పాము పద్ధతే. తక్కువ గాలి, నెమ్మదైన నిప్పు, ఎనిమిది గంటలు, కొంచెం పొగ. తేడా అల్లా ఒకటే, అమ్మమ్మ దాని ముందు కుర్చీ వేసుకోలేదు. దాలిలో కుండ పెట్టి పొలానికి అన్నం పంపేది, గేదెల పని చూసేది, ఇంకో పదిమందికి వండేది. నిప్పు పని నిప్పు చేసుకునేది. ఆవిణ్ణి ఎవరూ దాలిమాస్టర్ అనలేదు.

ఈ దేశంలో బార్బెక్యూ కథ తవ్వినా ఇదే తగులుతుంది. మధ్య టెక్సాస్‌లో జర్మన్, చెక్ వలసవాళ్ళు పెట్టిన మాంసం కొట్లలో అమ్ముడుపోనిదాన్ని పొగబెట్టి అమ్మేవాళ్ళనీ, లాక్‌హార్ట్ లాంటి ఊళ్ళకి పేరు అలా వచ్చిందనీ అందరూ చెప్తారు. అది నిజమే, కానీ సగం. దక్షిణాది తోటల్లో పెద్ద పెద్ద విందులకి రాత్రంతా గుంటల దగ్గర మేలుకుని పందుల్నీ ఎద్దుల్నీ కాల్చింది బానిసలుగా ఉన్న నల్లవాళ్ళు. విందు బాగుందన్న పేరు తోట యజమానిది. ఏడ్రియన్ మిల్లర్ 2021లో బ్లాక్ స్మోక్ అని ఒక పుస్తకం మొత్తం దీని మీదే రాశాడు, బార్బెక్యూ చరిత్ర చెప్పేటప్పుడు టీవీలూ పత్రికలూ నల్లవాళ్ళని ఎలా పక్కకి తోసేశాయో. నా పరిస్థితిని దానితో పోల్చట్లేదు, పోల్చకూడదు కూడా. కానీ నిప్పు దగ్గర చెమట ఒకరిది, ఫోటో ఇంకొకరిది అన్న సంగతి ఈ వంటకి కొత్త కాదు.

ఇంకొకటి. టెక్సాస్‌లో లెగ్జింగ్టన్ అని చిన్న ఊరుంది, అక్కడ స్నోస్ అనే కొట్టు. శనివారాలే తెరుస్తారు, పొద్దున ఎనిమిదింటికి. 2008లో టెక్సాస్ మంత్లీ పత్రిక రాష్ట్రం మొత్తానికీ దాన్ని మొదటి స్థానంలో పెట్టింది. అక్కడ గుంటల దగ్గర పారతో నిప్పులు ఎత్తిపోసింది టూట్సీ టొమనెట్జ్ అనే పెద్దావిడ. ఆవిడ 1966లో ఈ పని మొదలుపెట్టింది. మొదటి స్థానం వచ్చేసరికి డెబ్భై దాటింది. 2020లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు ఛెఫ్స్ టేబుల్ బార్బెక్యూ తీసినప్పుడు ఎనభై ఐదు. వారం మధ్యలో బడిలో మరమ్మతుల పని, శనివారం అర్ధరాత్రి దాటాక నిప్పు పని. లెక్క చూడండి, పేరు రావడానికి నలభై ఏళ్ళు పైగా. నాకు రెండేళ్ళలో వచ్చింది, అదీ మేక జబ్బ మీద.

ఇదంతా మా గ్యాంగులో అంటే ఏమన్నారో కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. ఒకడు, "మామా, మన నాన్నల తరం వంటింట్లోకి కూడా వచ్చేది కాదు. మనం కనీసం నెలకోసారైనా చేస్తున్నాం. అది కూడా తిడితే మానేస్తాం" అన్నాడు. ఈ వాదనలో కొంత పస ఉంది. ఏమీ చెయ్యనివాడికంటే ఏదో చేసేవాడు నయం. కానీ దీని వెనక ఒక బెదిరింపు ఉంది చూశారా, పొగడకపోతే మానేస్తాం అని. మా అమ్మ ఎప్పుడైనా పప్పు పొగడకపోతే రేపటి నుంచి వండను అందా? ఇంకొకడు, "నీకెందుకురా, ఆడవాళ్ళకి లేని బాధ" అన్నాడు. వాళ్ళావిణ్ణి అడిగి చెప్పమన్నాను. ఇంతవరకూ చెప్పలేదు. మూడోవాడిది మాత్రం నన్ను నిజంగా ఇరుకున పెట్టింది. "హాబీని కూడా లెక్కలు వేసి చంపుకోకు. వారమంతా డ్యూటీ, ఇది కూడా డ్యూటీ అయితే ఇక ఎందుకు" అన్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాకు ఆ కుర్చీ కావాలి. ఆ ఆరు గంటలూ కావాలి. కాకపోతే తనకి అలాంటి కుర్చీ ఏదీ అన్న ప్రశ్న ఆ మాటతో పోదు. నా తీరిక తన ఐదున్నర గంటల మీద నిలబడి ఉన్నంతసేపూ దాన్ని హాబీ అనడానికి నాకు నోరు రావట్లేదు.

ఒకరోజు తనకే కెటిల్ అప్పజెప్పబోయాను, గొప్పగా. "ఈసారి నువ్వు చెయ్యి, నేను నేర్పిస్తా" అని. తను నన్ను పైకీ కిందికీ చూసి, "నాకు నిప్పొద్దు, నీ నేర్పుడొద్దు. ఆదివారం పది దాకా పంటా" అంది. అంతకంటే సూటిగా రిక్వైర్‌మెంట్ నాకు ఆఫీసులో కూడా ఎవరూ ఇవ్వలేదు.

కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మారింది. నేను మాంసం పెడితే ఆ రోజు బల్ల మీద ఉన్నవన్నీ నావే. అన్నం నాది, పప్పుచారు నాది, శాకాహారుల కూర నాది, పిల్లల పాస్తా నాది. గ్రిల్లు జాలీ తోమడం ఎటూ నాదే. తను పదింటికి లేస్తుంది, కాఫీ తాగుతుంది, కుర్చీలో కూర్చుంటుంది. అవును, అదే కుర్చీ. మొదటిసారి ఇలా చేసిన రోజు నేను పొద్దున్నించి వంటింటికీ పెరటికీ మధ్య తిరిగి తిరిగి, స్టాల్ ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో కూడా చూసుకోలేదు. మాంసం మాత్రం ఎప్పట్లాగే వచ్చింది. ఇన్నాళ్ళూ నేను కాపలా కాయడం వల్లే అది ఉడుకుతోందనుకున్నాను చూశారా, అదీ పోయింది. అతిథుల్ని కూడా తగ్గించాం, ఎనిమిది మంది దాటితే పాట్‌లక్. ఎందుకంటే పద్నాలుగు మందికి ఒక్కణ్ణే వండాలంటే నా వల్ల కాదని రెండోసారికే తేలిపోయింది. తన వల్ల అయ్యేదని ఇన్నాళ్ళూ ఎలా అనుకున్నానో నాకే తెలీదు.

పొగడ్తలు మాత్రం ఇంకా పెరిగాయి, అదొక్కటే చిక్కు. ఇప్పుడు "అన్నా, అన్నం కూడా నువ్వేనా!" అంటున్నారు. రెండేళ్ళు అదే అన్నం తను వండితే ఆశ్చర్యార్థకం పడలేదు. మొన్న ఇలాగే ఒకతను అంటే నేను సిగ్గుపడుతూ నవ్వాను, మా ఆవిడ కుర్చీలోంచి "ఫోటో దియ్యి, గ్రూపుల పెట్టు" అంది.

రేపు కూడా ఆదివారమే. జబ్బ ఫ్రిజ్‌లో ఉంది, పాము పేర్చడానికి పొద్దున్నే లేవాలి. ఆరుగురే వస్తున్నారు. బగారన్నం బానే వస్తోంది, పప్పుచారు ఫర్వాలేదు. గుత్తి వంకాయ మాత్రం ఇప్పటికి నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ కాయ మగ్గేలోపు మసాలా అంతా బయటికొచ్చేసి గిన్నెకి అంటుకుపోతోంది. మా ఆవిణ్ణి అడిగితే "చూస్త చూస్త వస్తది" అంటోంది తప్ప చెప్పట్లేదు. మీలో ఎవరికైనా కిటుకు తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి. రాత్రి పదకొండులోపు అయితే మరీ మంచిది.